'మాలపల్లి' చర్చ మధ్యలో ఒక కుర్రాడు మౌనంగా కూర్చుండిపోయాడు. ఇంక ఆపేయాలా?

ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్న గెస్ట్ లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. పేరు, ఊరు, కాలేజీ తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమె బీఏ రెండో సంవత్సరం క్లాసులో నలభై మంది ఉన్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నవల, మాలవాడలోని రామదాసు కుటుంబం కథ, వాళ్ళకు పాఠ్యాంశం. ఏటా రచయిత పరిచయం, కథా సంగ్రహం, పాత్ర చిత్రణ అంటూ నోట్స్ చెప్పి ముగించేవారట. ఈసారి పిల్లల చేతే చర్చ నడిపిద్దామని అయిదుగురిని ఎంచుకున్నారు. ప్రశ్నలు మీ ఇష్టం, పీరియడ్ మీది, నేను వెనక బెంచీలో కూర్చుంటాను, మధ్యలో ఒక్క మాట మాట్లాడను అని మాటిచ్చారు. మొదటి పావుగంట క్విజ్‌లా సాగింది. నవల ఏ సంవత్సరంలో వచ్చింది, రామదాసు కొడుకుల పేర్లేమిటి, ఇలాంటివి. తర్వాత లీడరుగా ఉన్న కుర్రాడు, బాగా మాట్లాడతాడని పేరున్నవాడు, "ఇవన్నీ అప్పటి సంగతులు, ఇప్పుడు కులం ఎక్కడుంది?" అని ఒక ప్రశ్న వదిలాడు. అంతే, పుస్తకాలు మూతపడ్డాయి. రిజర్వేషన్లు వచ్చాయి, కటాఫ్ మార్కులు వచ్చాయి, వెనకనుంచి ఎవరో ఒక వెటకారం విసిరారు, కొందరు నవ్వారు. అప్పుడు లీడరు మూడో బెంచీ వైపు తిరిగి, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అబ్బాయిని చూసి "నువ్వు చెప్పు, నీకైతే తెలుస్తుంది కదా" అన్నాడు. ఆ అబ్బాయి లేచి, "నేను చదివింది కూడా మీరు చదివిన పుస్తకమే" అని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. బెల్ కొట్టారు.

అప్పటి నుంచి ఆ అబ్బాయి క్లాసుకు వస్తున్నాడు గానీ గుమ్మం పక్కన కూర్చుని, బెల్ వినపడగానే అందరికంటే ముందు వెళ్ళిపోతున్నాడు. మిగతావాళ్ళు "మేడమ్, మీరే చెప్పేయండి, నోట్స్ ఇవ్వండి" అంటున్నారు. హెచ్‌ఓడీ గారేమో, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, "ఎందుకమ్మా లేనిపోని గొడవ, ఇంపార్టెంట్ ప్రశ్నలు నాలుగు చెప్పి ముగించెయ్" అన్నారు. ఆమెకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నవలలో భూస్వామి చౌదరయ్యది ఏ కులమో ఆమెదీ అదే, ఇంటిపేరు వింటేనే క్లాసులో అందరికీ తెలిసిపోతుంది. "నేను ఏం మాట్లాడినా ఎవరో ఒకరు అపార్థం చేసుకుంటారని టెన్షన్. నా ఉద్యోగం ఏటేటా రెన్యువల్. చర్చ ఆపేయాలా? ఆ అబ్బాయితో మాట్లాడాలా? మాటిచ్చాను కదా అని నోరు మూసుకుని కూర్చోవడం తప్పా?" అని అడిగారు.

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, మిగతా రెండూ దానికి ముడిపడి ఉన్నాయి కాబట్టి. అవును, మీరు మాట్లాడి ఉండాల్సింది. అలాగని రాత్రుళ్ళు నిద్ర మానుకోనక్కర్లేదు, సరిదిద్దుకోవడానికి ఇంకా టైముంది. చర్చ పిల్లలకు అప్పగించారంటే ఏం అడగాలి, ఎటు వెళ్ళాలి, చివరికి ఏమనుకోవాలి అన్నవి వాళ్ళకు వదిలేశారని అర్థం. అంతేగానీ ఒక మనిషిని అందరి ముందు లేపి నీ కులం తరఫున చెప్పు అని అడిగే హక్కు అందులో లేదు. అది ఇవ్వడానికి మీకూ లేదు. మాటివ్వడం మంచిదే గానీ "ఎవరైనా ఎవరినైనా పర్సనల్‌గా అంటే మాత్రం నేను లేస్తాను" అని ఆ మాటకు ఒక తోక తగిలించి ఉండాల్సింది. ఈసారి చర్చ పెడితే ఆ తోక ముందే చెప్పండి.

ఇప్పుడు ఆ రోజు ఏం జరిగిందో కాస్త విప్పి చూద్దాం. మీరు ఉత్తరంలో ఆ లీడరు కుర్రాడి మీద చాలా కోపంగా రాశారు. నాకు మాత్రం గొడవ వాడి దగ్గర కాదు, వాడి ప్రశ్న దగ్గర మొదలైందనిపిస్తోంది. మొదటి పావుగంట అడిగినవన్నీ గైడులో జవాబున్న ప్రశ్నలు. జవాబు ఒక్కటే ఉంటుంది, ఎవరో చెప్పేస్తారు, అక్కడితో అయిపోతుంది. విసుగు పుట్టింది. విసుగు పుట్టిన లీడరు ఏం చేస్తాడు, క్లాసు లేచి కూర్చునే ప్రశ్న ఏదో ఒకటి వేస్తాడు. "ఇప్పుడు కులం ఎక్కడుంది?" అన్నది అలాంటిదే. దానికి జవాబు చెప్పాలంటే నవల ఒక్క పేజీ కూడా చదివి ఉండనక్కర్లేదు, టీ కొట్టు దగ్గర నిలబడి కూడా చెప్పొచ్చు. పుస్తకం లేకుండా జవాబు చెప్పగలిగే ప్రశ్న వచ్చాక ఇంక మిగిలేది మనుషులే కదా. చూపులు మనుషుల మీదికి మళ్ళాయి. ఆ అబ్బాయి అన్న ఒక్క వాక్యం మళ్ళీ చదువుకోండి. ఆ పీరియడ్‌లో పుస్తకం గుర్తు చేసినవాడు వాడొక్కడే.

చదివినవాళ్ళు తప్ప జవాబు చెప్పలేని ప్రశ్నలు ఎలా ఉంటాయంటే, ఈ నవలలోనే బోలెడున్నాయి. కూలి గింజల రూపంలో ఇవ్వాలా డబ్బుగా ఇవ్వాలా అని గొడవ వస్తుంది కదా, అక్కడ రైతులు ఏ లెక్క చెబుతున్నారు, రామదాసు కొడుకు సంగదాసు ఏ లెక్క చెబుతున్నాడు, ధర పెరిగినప్పుడు ఏ పద్ధతిలో ఎవరికి నష్టం? ఇది అడిగి చూడండి, బీకాం వాళ్ళకంటే బాగా లెక్కలు వేస్తారు మీవాళ్ళు, ఎందుకంటే ఆ క్లాసులో సగం ఇళ్ళల్లో కూలి ఇచ్చేవాళ్ళో పుచ్చుకునేవాళ్ళో ఉంటారు. చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోయాక ఊళ్ళో ఎవరెవరు ఏం చేశారు, ఎవరు మాట్లాడాల్సి ఉండీ మాట్లాడలేదు, పేజీ నంబరుతో చూపించండి. రామానాయుడు చౌదరయ్య కొడుకై ఉండి సంగదాసుకు స్నేహితుడు, ఆ స్నేహం వల్ల సంగదాసుకు ఒరిగిందెంత, రామానాయుడికి ఒరిగిందెంత? అన్నిటికంటే పెద్దది, ఒక ఇంట్లోనే మూడు దారులున్నాయి. తండ్రి రామదాసు భక్తి, వేదాంతం, ఓర్పు. సంగదాసు సంఘం, సమ్మె. ఇంకో కొడుకు వెంకటదాసు చివరికి తక్కెళ్ళ జగ్గడు అనే పేరుతో దోపిడీలకు దిగుతాడు. రచయిత మనసు ఎవరి వైపుంది, అది మీకెక్కడ తెలిసింది? దీని మీద ఒక పీరియడ్ కాదు, వారం కొట్టుకోవచ్చు. ఎంత గట్టిగా కొట్టుకున్నా "నువ్వు ఏ కులం" అన్న మాట అవసరం రాదు, "ఏ పేజీ" అన్న మాట వస్తుంది.

అలాగని ఇప్పటి కులం గురించి మాట్లాడనే కూడదని నా ఉద్దేశం కాదు. ఈ నవల చదివి అది మాట్లాడకపోతే చదవడమే దండగ. కాకపోతే అది పుస్తకంలోంచి బయటికి రావాలి, పుస్తకం పక్కన పెట్టి కాదు. కూలి లెక్క గురించి అరగంట మాట్లాడినవాళ్ళు ఇవాళ్టి సంగతికి వచ్చినప్పుడు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, మీరే చూస్తారు.

ఇంకొకటి, ఎవరైనా పిల్ల లేచి "ఇది రాసినాయన ఆ వాడ మనిషి కాదు కదా, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన బారిస్టరు కదా, రామదాసుకు గౌరవం తేవాలంటే ఆయన్ని వైష్ణవ భక్తుడిగానే ఎందుకు చూపించాలి?" అని అడిగితే దయచేసి అడ్డుపడకండి. క్లాసిక్ అన్నాం కాబట్టి దండం పెట్టి ఊరుకోవాలని లేదు. ఇలాంటి ప్రశ్న వచ్చిందంటే మీ చర్చ దారిలో పడ్డట్టే. అలాగే రామానాయుడి భార్య కమల ఇల్లు వదిలి వెళ్ళడం గురించి. మీ ఉత్తరంలో అమ్మాయిల మాటే లేదు, నలభై మందిలో ఎంతమంది అమ్మాయిలో కూడా రాయలేదు. వాళ్ళు ఆ పీరియడ్‌లో ఒక్కరైనా నోరు విప్పారా? కమల ప్రస్తావన వస్తే విప్పుతారేమో చూడండి.

సరే, ఆపేయాలా అన్న మాటకొద్దాం. ఆపేస్తే ఏమవుతుందో నిజాయితీగా చెప్పుకుందాం. హెచ్‌ఓడీ గారు సంతోషిస్తారు, సిలబస్ టైముకు అవుతుంది, మీకు టెన్షన్ తగ్గుతుంది. ఇవి చిన్న లాభాలేం కాదు, ఏటా రెన్యువల్ మీద బతికేవాళ్ళను హీరోలు కమ్మని ఇంట్లో కూర్చుని చెప్పడం నాకు తేలిక. కానీ పిల్లలకు మాత్రం ఒక లెక్క మిగులుతుంది. వెటకారం చేసినవాడికి ఏమీ కాలేదు, అనిపించుకున్నవాడు గుమ్మం దగ్గరికి జరిగాడు, టీచరు నోట్స్ మొదలుపెట్టింది. దీన్నుంచి వాళ్ళేం నేర్చుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. ఆపడమే మీ నిర్ణయమైతే కనీసం ఎందుకు ఆపుతున్నారో క్లాసులో చెప్పి ఆపండి, సిలబస్ మీదికి నెట్టేయకండి.

రెండో దారి, కొన్నాళ్ళు పక్కన పెట్టడం. మధ్యలో ఒక చిన్న కథ తీసుకుని, నాలుగైదు పేజీలది, దాని మీద పిల్లల చేత చర్చ ఎలా నడపాలో అలవాటు చేయించి, అప్పుడు నవలకు తిరిగి రావడం. ఇది మెత్తటి దారి. చర్చకు అలవాటు లేని క్లాసుకు మొదటి రోజే మాలపల్లి ఇవ్వడం బరువే అయింది. నష్టం ఏమిటంటే, ఆ అబ్బాయికి మీరు విషయం మరిచిపోయినట్టు కనబడుతుంది. అందుకని ఈ దారి పట్టినా మొదట క్లాసులో ఆ రోజు సంగతి మాట్లాడాకే పట్టండి.

మూడోది, పద్ధతి మార్చి ఈ నవలతోనే కొనసాగించడం. నా మొగ్గు దీనివైపే. ఒక సంగతి గుర్తు చేస్తాను, హెచ్‌ఓడీ గారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఉన్నవ ఈ నవల జైల్లో ఉండగా రాశారు, 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధించింది, 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ బెడద పోలేదు. ఒక ప్రభుత్వమే భయపడిన పుస్తకం నలభై మంది కుర్రాళ్ళ మధ్య కాస్త వేడి పుట్టించిందంటే అది పాఠం సరిగ్గా అందిందనడానికి గుర్తు. ఆయనతో ఇలా వాదానికి దిగమనడం లేదు. "సార్, వారానికి ఒక్క పీరియడ్ చర్చకు, మిగతావి మామూలు క్లాసులు, చర్చలో పిల్లలు రాసిన కాగితాలు ఇంటర్నల్స్‌కు అసైన్‌మెంట్‌గా తీసుకుంటాను" అని చెప్పండి, వీలైతే కాగితం మీద రాసి ఇవ్వండి. మార్కుల రిజిస్టర్లో కనబడే పని అంటే ఆయనకు అభ్యంతరం తక్కువుంటుంది. రేపు ఏ తల్లిదండ్రులో వచ్చి అడిగినా మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఏ దారి పట్టినా వచ్చే క్లాసులో మొదటి రెండు నిమిషాలు మాత్రం మీవే. పేర్లెత్తకుండా, పెద్ద ఉపన్యాసం లేకుండా, "ఆ రోజు ఒకరిని వాళ్ళ కులం తరఫున జవాబు చెప్పమని అడగడం జరిగింది, ఒక వెటకారం కూడా వినబడింది. నేను అప్పుడే ఆపాల్సింది. ఈ క్లాసులో ఎవరూ ఏ కులానికీ ప్రతినిధి కారు, అందరూ చదివినవాళ్ళే. ఇకమీద అలా జరిగితే నేను లేస్తాను" అనండి చాలు. ఎవరి చేతా క్షమాపణ చెప్పించకండి. అందరి ముందు బలవంతంగా చెప్పించిన సారీకి విలువుండదు, పైగా అది మళ్ళీ ఆ అబ్బాయిని నలుగురి కళ్ళల్లో పెడుతుంది. కొందరు గొణుగుతారు, గొణగనివ్వండి. ఇకముందు వెటకారం కులం పేరు పెట్టి తిట్టే దాకా వెళ్ళిందంటే మాత్రం అది చర్చలో సర్దుకునే విషయం కాదు, ప్రిన్సిపాల్ దగ్గరికి, కాలేజీ ఎస్సీ ఎస్టీ సెల్ దగ్గరికి వెళ్ళాల్సిన విషయం, అదీ ముందే చెప్పండి.

ఆ అబ్బాయితో మాట్లాడాలా అంటే, ఎలా మాట్లాడతారన్నదే ముఖ్యం. స్టాఫ్ రూమ్‌కు పిలిపిస్తే పక్క టేబుల్ దగ్గర నలుగురుంటారు, బయటికి వచ్చాక "మేడమ్ ఎందుకు పిలిచింది" అని పదిమంది అడుగుతారు. కూర్చోబెట్టి మీ బాధంతా చెప్పుకుంటే వాడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, "పర్లేదు మేడమ్" అనక తప్పదు. క్లాసులో ఆ రెండు నిమిషాలు మాట్లాడాక, వరండాలో ఎదురైనప్పుడు, "ఆ రోజు నేను ఆపాల్సింది. నువ్వు చెప్పింది సరైన మాట" అని నడిచే దారిలోనే చెప్పేయండి. జవాబు కోసం నిలబడకండి. వాడికి మాట్లాడాలనిపిస్తే వాడే వస్తాడు. రాకపోతే అదీ వాడిష్టం. గుమ్మం పక్కన కూర్చోవడం కూడా వాడిష్టమే, ముందుకు రమ్మని పిలవకండి. ఇంకో మంచి ఉద్దేశపు పొరపాటు ఉంది, దానికి దూరంగా ఉండండి. వచ్చే చర్చకు వాడిని లీడరు చేయాలనిపిస్తుంది మీకు. వద్దు. అందరితో పాటు వాడి వంతు వచ్చినప్పుడు వస్తుంది.

లీడరు కుర్రాడిని విడిగా పిలవండి. నాకు తోచినంతలో వాడు అవమానిద్దామని అడిగి ఉండడు, అనుభవమున్నవాడికి మైకిస్తున్నాననుకుని ఉంటాడు. వాడిని ఒక్కటే అడగండి. "చౌదరయ్య కులం వాళ్ళు కూడా మన క్లాసులో ఉన్నారు కదా, వాళ్ళల్లో ఎవరినైనా లేపి, చౌదరయ్య అలా ఎందుకు చేశాడో నీకైతే తెలుస్తుంది, చెప్పు అని అడిగావా? నన్ను అడిగావా?" అడగలేదు. అడగాలని తోచను కూడా తోచలేదు. కొట్టినవాడి తరఫున ఎవర్నీ జవాబు చెప్పమనం, దెబ్బ తిన్నవాడి తరఫున మాత్రం ఎవరో ఒకరు లేచి చెప్పాలనుకుంటాం. ఆ కుర్రాడు తెలివైనవాడని మీరే రాశారు, ఇంతకంటే వివరించక్కర్లేదు.

మీ కులం గురించిన మీ టెన్షన్‌కు కూడా జవాబు ఇందులోనే ఉంది. మీ ఇంటిపేరు అందరికీ తెలుసన్నారు, మరి దాచడానికేముంది. సందర్భం వస్తే "చౌదరయ్య లాంటివాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినదాన్నే నేనూ, చదువుతుంటే నాకూ ఇబ్బందిగానే ఉంది" అని ఒక్క వాక్యం అనొచ్చు. అంటే కొందరికి దగ్గరవుతారు, కొందరు "మేడమ్ మనవాళ్ళనే తిడుతోంది" అంటారు. అనకపోయినా తప్పులేదు. కానీ అన్నాక దాన్ని పొడిగించొద్దు, చర్చ మీ ఇంటి కథ అయిపోతుంది.

ఇక పద్ధతి. అమెరికాలో న్యూహాంప్‌షైర్ అనే రాష్ట్రంలో ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అని ఒక బడి ఉంది, 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ఆయన పెద్ద మొత్తం ఇచ్చి, పిల్లలు ఒక కోలటేబుల్ చుట్టూ కూర్చుని వాళ్ళే మాట్లాడుకునేలా పాఠాలు నడపమన్నాడు. ఇప్పటికీ పుస్తకాల మీద పిల్లల చర్చ అంటే చాలాచోట్ల 'హార్క్‌నెస్ టేబుల్' పేరే చెబుతారు. ఆ టేబుల్ చుట్టూ ఓ డజను మంది ఉంటారు. మనకు నలభై మంది, నేలకు బిగించిన బెంచీలు, తిరగని ఫ్యాను. టేబుల్ మనకు రాదు గానీ ఆలోచన వస్తుంది. పదిమంది ముందున్న ఖాళీలో కుర్చీలు వేసుకుని ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతారు, మిగతా ముప్ఫైమంది చుట్టూ ఉండి వింటూ రాసుకుంటారు. ఇరవై నిమిషాల తర్వాత ఇంకో పదిమంది. ఆ తర్వాతి వారం మిగిలిన ఇరవై మంది. నలభై మంది ఒకేసారి మాట్లాడితే గట్టిగా అరిచేవాడిదే చర్చ, పదిమందిలో అది కుదరదు.

ప్రశ్నలు లీడర్లను తయారుచెయ్యమనకండి. ముందురోజు ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద ఒక ప్రశ్న, కింద పేజీ నంబరు రాసి ఇవ్వాలి. పేజీ నంబరు లేని చీటీ చెల్లదు. లీడర్లు మీ ఎదురుగా కూర్చుని అందులోంచి అయిదారు ఏరతారు. మీ పని అక్కడే ఎక్కువ, క్లాసులో తక్కువ. ఏ ప్రశ్న పుస్తకం వదిలేసి మనుషుల మీదికి వెళ్తుందో అక్కడే మీ కంటికి ఆనుతుంది, అప్పుడే పక్కన పెట్టించొచ్చు.

నవల పెద్దది, అందరూ మొత్తం చదవరు, అది అనుకునే మొదలుపెట్టండి. ఒక్కో చర్చకు పది పన్నెండు పేజీలు ఎంచి జిరాక్స్ ఇవ్వండి. ఉన్నవ 1958లో పోయారు, అరవై ఏళ్ళు దాటిపోయింది కాబట్టి కాపీరైట్ తలనొప్పి కూడా లేదు. చర్చ ముందు ఆ పేజీల్లోంచి సంభాషణలు పైకి చదివించండి. గుంటూరు వైపు మాట్లాడే భాషలో ఉంటాయి, కళ్ళతో చదివితే రాని ఊపు నోటితో వస్తుంది. కులం పేరుతో తిట్లున్న వాక్యాలు వస్తే మాత్రం పిల్లల చేత చదివించకండి, అవసరమైతే మీరే చదవండి.

లీడరుకు రెండే మాటలు నేర్పండి, "ఏ పేజీ?" ఒకటి, "ఇంకెవరైనా?" రెండోది. పేరు పెట్టి పిలవకూడదు, పిలిచినా "పాస్" అనే హక్కు అందరికీ ఉంటుంది. ఈ పాస్ పెట్టాక ఎవరూ మాట్లాడరేమో అని భయపడతారు మీరు. కొంచెం నిశ్శబ్దం ఉంటుంది, ఉండనివ్వండి. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా ప్రొఫెసరు క్లాసులు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడుగు పెరిగింది, జవాబే రాకపోవడం తగ్గింది. మూడంటే మూడు సెకన్లు. లీడరును మనసులో అయిదు దాకా లెక్కపెట్టమనండి.

మీరు ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. వెనక బెంచీలో కూర్చుంటే అందరూ తల తిప్పి మీ మొహం చూస్తూ మాట్లాడతారు, మీరు తలూపారా లేదా అని. పక్కగా, కిటికీ వైపు కూర్చుని ఒక తెల్లకాగితం తీసుకోండి. కుర్చీలున్న వరసలోనే పేర్లు రాసుకుని, ఎవరు ఎవరికి జవాబిచ్చారో ఒక్కో మాటకు ఒక్కో గీత గీస్తూ పొండి. తల దించుకుని గీతలు గీస్తున్న టీచర్ని చూస్తూ ఎవరూ మాట్లాడరు, ఒకరినొకరు చూసుకుంటారు. పీరియడ్ చివర్లో ఆ కాగితం వాళ్ళకే చూపించండి. ఒకడి నుంచి పదహారు గీతలు, ఇద్దరమ్మాయిల పేర్ల దగ్గర ఒక్కటీ లేకపోవడం వాళ్ళకే కనబడుతుంది, మీరు నువ్వు ఎక్కువ మాట్లాడుతున్నావు అని ఎవరికీ చెప్పే పని తప్పుతుంది. ఫోన్లు మాత్రం చర్చకు ముందే బ్యాగుల్లోకి వెళ్ళాలి. ఒక ముప్ఫై సెకన్ల ముక్క వాట్సాప్‌లోకి ఎక్కిందంటే మీ రెన్యువల్ ఒక్కటే కాదు, ఆ పిల్లలు నిజం మాట్లాడటం కూడా అక్కడితో సరి.

మొదటి రెండు చర్చలు చప్పగా ఉండొచ్చు. పేజీ వెతుక్కోవడంలోనే టైమంతా పోతుంది, లీడరు అయిదు లెక్కపెట్టి బిక్కమొహం వేస్తాడు. చప్పగా ఉందని మళ్ళీ కారం ప్రశ్నలకు దిగకుండా చూసుకోండి చాలు.

నోట్స్ సంగతి మిగిలింది. పరీక్ష ఉంది, వాళ్ళు అడగడంలో తప్పు లేదు, ఇవ్వండి. కాకపోతే చర్చకు ముందు కాదు, తర్వాత ఇవ్వండి. ఆ రోజు వచ్చిన ప్రశ్నల్లో మంచివి రెండు, వాటికి క్లాసులో వచ్చిన జవాబులు, అవి ఒకదానితో ఒకటి పడకపోతే రెండూ, పేజీ నంబర్లతో కలిపి ఒకటే పేజీ. 'సంగదాసు పాత్ర చిత్రణ' అని పరీక్షలో వస్తే ఆ పేజీలోంచి రాసుకోవచ్చని చూపించండి. ముందే ఇస్తే అందరూ దాన్నే చదివి వస్తారు, జిరాక్స్ పేజీలు బ్యాగులోనే ఉండిపోతాయి.